అమ్మ మెడ నరం

మా దీవిలోని ప్రోతరాపూర్‌లో ఓడ ప్రయాణమంటే మూట కట్టడం కంటే ముందు కడుపు మాడ్చుకోవడం ఉండేది. విశాఖపట్నం ఓడ ఎక్కేవాళ్ళు ముందురోజే అన్నం మానేసేవారు. మా అమ్మయితే మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. కడుపు ఖాళీగా ఉంటే సముద్రం మీద వాంతులు కావని, తను కొత్త కోడలిగా ఈ దీవికి వచ్చినప్పుడు అత్తగారు చెప్పిందట. అమ్మ ఆ మాట బతుకంతా నమ్మింది.

ఆ ఏడు భీమిలి దగ్గర ఉండే పిన్నికి, అమ్మ ఒక్కగానొక్క చెల్లెలికి, జబ్బు ముదిరింది. అక్కని చూడాలని కలవరిస్తోందని ఫోను వచ్చింది. ఓడ తప్పితే మళ్ళీ ఎన్నాళ్ళకో. విమానం ఎక్కే ఊహ మా ఇంట్లో ఎవరికీ లేదు. టికెట్టు దొరికిందని అమ్మ పొంగిపోయి, ఎప్పటిలాగే నీళ్ళు మానేసింది.

ఓడ మధ్యాహ్నం. పిన్నికి చీర కొంటానంటే పొద్దున్నే ఇద్దరం బస్సులో అబర్డీన్ బజారుకి వచ్చాం. బట్టల కొట్టు మెట్టెక్కుతూ అమ్మ అలాగే కూలబడింది. కొట్టు భయ్యా సాయం పట్టి ఆటో ఎక్కిస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

అక్కడి డాక్టరమ్మ తెలుగుపిల్లే, దీవిలోనే పుట్టి పెరిగింది. బీపీ చూసి, ఒక చిన్న స్కానింగ్ మిషను తోసుకొచ్చింది. అమ్మకి సూదంటే హడలు.

"గుచ్చుతావేటమ్మా?"

"లేదు అమ్మమ్మా, మెడ మీద పైపైనే చూస్తా. ఆరామ్‌గా పడుకో."

చల్లటి జెల్లీ రాసేసరికి అమ్మ మెడ ముడుచుకుంది. "పచ్చిసేప జిగురు నాగుందే," అంది. డాక్టరమ్మ నవ్వి, తెర నాకు చూపించింది. "ఈ నల్లటిది మెడ నరం దీదీ. రక్తం గుండెకి తిరిగెళ్ళే దారి. పడుకున్నప్పుడు నిండుగా ఉండాలి. ఈవిడకి ఊపిరి పీల్చినప్పుడల్లా మూసుకుపోతోంది. ఒంట్లో పానీ లేదు." అమ్మ వైపు తిరిగి, "ఎప్పుడు తాగావు నీళ్ళు?" అని అడిగింది.

"ఓడెక్కాలి కదమ్మా. నిన్నటేల నుంచి తాగనేదు."

"ఎవరు చెప్పారు తాగొద్దని?"

"మా అత్త."

"మీ అత్తగారు ఉండుంటే పక్క మంచం మీద పడుకోబెట్టేదాన్ని," అంది డాక్టరమ్మ, సెలైను సీసా వేలాడదీస్తూ. సూది చివరికి తప్పలేదు.

"ఓడ ఎల్లిపోద్ది తల్లీ. ఇప్పుడే సెంబుడు తాగేసి ఎల్లిపోతాను."

"లేస్తే మళ్ళీ పడతావు. నడిసముద్రంలో పడితే నేనెక్కడ దొరుకుతాను నీకు?"

సాయంత్రం మళ్ళీ మిషను మెడ మీద ఆనించి చూసింది. నల్లటి నరం నిండుగా, గుండ్రంగా కనిపించింది. డాక్టరమ్మ ముఖం విప్పారింది. అమ్మ తెర వైపు చూడనే లేదు. అప్పటికి ఓడ రేవు దాటి చాలాసేపయింది.

తరువాతి ఓడ కబురు కంటే ముందు పిన్ని పోయిన కబురు వచ్చింది. అమ్మ గట్టిగా ఏడవలేదు. గుమ్మంలో కూర్చుని అంది:

"నీళ్ళు తాగి, కక్కుకుంటూనైనా ఎల్లిపోవలసింది. ఓడలో ఎవులు కక్కనేదు? దిగినాక నోరు కడుక్కుని దాని పక్కన కూకుందును."