కట్టిన గుడ్డ

మడత సైకిల్‌ని కొన్నది కొన్నట్టు వాడే గుణం నాకు లేదు. హ్యాండిల్ పొడుగు చేశాను, సీటు మార్చాను. మడత విడిపోకుండా పాత ట్యూబు కోసి పట్టీ కూడా తయారుచేసి తెగ మురిసిపోయాను.

ఒక ఉదయం చెన్నైలో తిరువొత్తియూరు వెళ్ళే లోకల్ రైల్లో ఆ పట్టీ పుటుక్కున తెగింది. సైకిల్ జనం మీదకి తెరుచుకుంది. దిగిపొమ్మని అందరూ అరవంలో కేకలు. "అయ్యో, ఒక్క నిమిషం" అన్నాను, కంగారులో తెలుగులో.

కూరగాయల బుట్ట పక్కన కూర్చున్న పెద్దామె తలెత్తింది.

"మనోళ్ళేనా నాయనా? ఈడ గట్టిగా పట్టుకో."

బుట్ట మోసేటప్పుడు తల మీద చుట్టకుదురుగా పెట్టుకునే గుడ్డ విప్పి, రెండు చక్రాలూ కలిపి ముడేసింది. అరుపులు ఆగిపోయాయి.

ఇప్పుడా సైకిల్‌కి నేను చేసిన ఇనప కొక్కెం ఉంది. గుడ్డ అవసరం లేదు. అయినా తీయలేదు.

ఆ రోజు ఆమె దిగే స్టేషన్ రాగానే గుడ్డ విప్పబోయాను.

"విప్పబాక, మళ్ళా తిడతారు. ఇట్రా, బుట్టకో చెయ్యెయ్యి."

ఎత్తాను. సగం దాకా లేపి, మోకాలు ఊతం పెట్టి మళ్ళీ లేపాను. అంత బరువునీ ఆమె వట్టి తల మీదే పెట్టాను.