ఏడో సంచి మట్టి

దూలయ్య చండ్రుగొండ అడవికి వాచరు. పదహారేళ్లయినా ఇంకా రోజుకూలీయే. అడవి నరికి ఎవరూ పోడు చేయకుండా చూడటం ఆయన పని. ఆయన భార్య భీమక్క జొన్న వేసే ఎకరన్నర కూడా పోడేనన్న సంగతి మాత్రం, పాపం, డ్యూటీలో ఎన్నడూ గుర్తుకు రాలేదు.

రెండువేల మూడులో ప్రొఫెసర్ శాంతికుమార్ వచ్చి, నట్టడవిలో ఏడు చోట్ల మట్టి తెమ్మని సంచులూ చీటీలూ ఇచ్చాడు. ఆరు నింపేసరికి దూలయ్య మోకాళ్లు మొరాయించాయి. ఏడోది ఇంటికి పోతూ పోతూ తన చేనులోనే నింపేసి, 'నట్టడవి' అన్న చీటీ దర్జాగా అంటించాడు. మట్టికేమన్నా నోరుందా, చెప్పడానికి?

చెప్పింది. నాలుగు నెలలకు ప్రొఫెసర్ ఎగురుకుంటూ వచ్చాడు.

"మన ఒంట్లో ప్రోటీన్లు ఇరవై రకాల అమైనో ఆమ్లాలతో తయారవుతాయి, దూలయ్యా. నీ ఏడో సంచిలోని బాక్టీరియా ఆ లెక్కలో లేనిదాన్ని సొంతంగా చేసుకుంటోంది. దాంతో పక్క సూక్ష్మజీవుల్ని చంపే మందు కడుతోంది! ఆ చోటు చూపించు."

చూపిస్తే చేను పోతుంది. దూలయ్య ప్రొఫెసర్‌ను మధ్యాహ్నం దాకా నడిపించి, ఒక నల్లమద్ది చెట్టు కింద నిలబెట్టి, "గిదే సార్" అన్నాడు. అక్కడి మట్టిని రెండుసార్లు పరీక్షించినా బాక్టీరియా జాడ లేదు. చదువుకున్నవాడు కదా, ప్రొఫెసర్‌కు కారణం ఇట్టే దొరికింది: పోడు చేసేవాళ్లే దాన్ని నాశనం చేశారట! అది విని చుట్టుపక్కల పోడంతా ఖాళీ చేయించమన్నాడు అటవీ రేంజరు. అందులో దూలయ్య చేనూ ఉంది.

ఇక దాచి లాభం లేదు. దూలయ్య చేతులు కట్టుకున్నాడు.

"తప్పయింది సార్. గా మట్టి నా చేనుది. మీ పురుగు దున్నే భూమిలనే ఉన్నది. చేను మాత్రం తియ్యకుండ్రి."

పరీక్షిస్తే నిజమే. ప్రొఫెసర్ కౌగిలించుకున్నంత పని చేశాడు. రేంజరూ పెద్ద మనసు చేసుకుని, ఆ చేను జోలికి ఎవరూ రారని మాటిచ్చాడు. చుట్టూ ముళ్లకంచె, గేటు, బోర్డు వెలిశాయి. దూలయ్య పర్మినెంటు అయ్యాడు. డ్యూటీ అక్కడే. లోపల ఎవరూ నాగలి పెట్టకూడదు.

తొలకరికి భీమక్క జొన్నవిత్తనాల గంపతో వచ్చింది. కొత్త ఖాకీ చొక్కాలో దూలయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఏందయ్యా, నన్నే ఆపుతవా?"

"ఆర్డరొచ్చింది. దున్నితే పురుగు సస్తదంట."

"ఇన్నేండ్లు దున్నితే సావంది, గిప్పుడు సస్తదా?"

దూలయ్యకు ఏడుపు ఆగలేదు.

"జల్దీ పోవే, ఎవరన్న సూస్తే నా నౌకరి పోతది" అంటూ, ఏడుస్తూనే గేటుకు తాళం వేశాడు.