నా పేరు తర్వాత కామా

ఈ ఉదయం కొరియర్‌లో వచ్చిన ప్రూఫుల కట్ట విప్పగానే కొత్త సిరా వాసన వచ్చింది. రాజేశ్వరి మేడమ్ గదిలో ఎప్పుడూ ఉండే వాసన అది. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు. కట్టలో ఉన్నవి ఆవిడ స్మారక సంచికకు సంపాదకుడి ముందుమాట, నేను రాసిన వ్యాసం. నా వ్యాసంలో ఒక పుట అడుగున ఆగిపోయాను. అక్కడ ఉండాల్సిన పాదసూచిక లేదు. పొరపాటున జారిపోయింది కాదు. పైన దాని అంకెను కూడా తీసేసి, తర్వాతి అంకెలన్నీ సరిదిద్దారు. ఎవరో శ్రద్ధగా చేసిన పని.

ఆవిడను ఎరగని వాళ్ళకు కొంత చెప్పాలి. తొంభైల్లో నేను బెంగళూరు మడివాళలో పేయింగ్ గెస్టుగా ఉంటూ పరిశోధన చేస్తున్నప్పుడు ఆవిడ నా గైడు. తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. నా మొదటి అధ్యాయాన్ని చదవకుండానే తిప్పి ఇచ్చేశారు. ఆధార గ్రంథాల పట్టికలో రచయితల పేర్ల తర్వాత కామాలు లేవట.

“కామాకే ఇంత కోపమా మేడమ్?” అన్నాను.

“మనిషి పేరు చెప్పినాక ఊపిరి తీసుకోవాలప్పా. పేరు అనేసి పుస్తకం ఎత్తుకోని పరిగెత్తితే ఎట్లా, దొంగ మాదిరి?”

కామాల కంటే ఆవిడకు పెద్ద పట్టుదల ఇంకొకటి ఉండేది. ప్రతి పాదసూచిక మీదా వేలు పెట్టి “చూసినావా?” అని అడిగేవారు. పుస్తకమైతే పుట, శాసనమైతే ఆ రాయి మన కంటితో చూసి ఉండాలి. చూడకపోతే చూడలేదని రాయాలి, ఎవరి మాట నమ్మామో వాళ్ళ పేరు పెట్టాలి. ఏళ్ళ తరబడి ఆ ప్రశ్న విన్నాను. బస్సులో ఎవరైనా ఒక కబురు చెప్పినా లోపల ఆవిడ గొంతు అడిగేది.

నా మూడో అధ్యాయం మొత్తం ఆవిడే రాసిన ఒక పాత వ్యాసం మీద నిలబడింది. అత్తిబెలె దగ్గర ఒక కుమ్మరి స్త్రీ తన పేరున బావి తవ్వించిందని చెప్పే శాసనం గురించి. ‘స్వయంగా చూసి’ అని అందులో ఉంది. ఆ రంగంలో దాన్ని ఉదహరించని వాళ్ళు లేరు. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు, ఆవిడ నియమం ప్రకారమే, నేనూ ఆ శాసనాన్ని చూసి రావడానికి బస్సెక్కాను. వ్యాసంలో చెప్పిన చోటే, ఇప్పుడొక గోడౌను వెనక, రాయి దొరికింది. దాని మీద గుర్రం, కత్తి దూసిన మనిషి. నాలుగు వైపులా తడిమాను. ఒక్క అక్షరం లేదు.

పక్కన టీ కొట్టాయన చాలాసేపు చూసి వచ్చాడు. “ఏం వెతుకుతుండారు సార్?”

“రాత ఉండాలి. శాసనం.”

“రాతా? మా తాత కాలం నించి గుర్రమే ఉండాది. చదవాలంటే ఆ గుర్రాన్నే అడగాల!”

ఊళ్ళో ఇంకో రాయి ఏదీ లేదని నలుగురినీ పిలిచి చెప్పించాడు.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్ళాను. నానబెట్టిన అనపగింజలను పొట్టు ఊడేలా పితుకుతున్నారు.

“కల్లు చూసినావా?” రాయిని ఆవిడ కన్నడంలో కల్లు అనేవారు.

“చూశాను మేడమ్. దాని మీద రాత లేదు.”

“అరిగిపోయింటాది.”

“రాయడానికి చోటే లేదు మేడమ్. గుర్రం, మనిషి, అంతే.”

ఆవిడ పితకడం ఆపలేదు. గిన్నెలో గింజలు అయిపోయాక అన్నారు: “నేను చూడలేదప్పా.”

నాకు అర్థం కాలేదు.

“మా సార్ చదివినానన్నారు. గురువు చెప్పినాక మళ్ళీ పోయి చూస్తే ఆయన్ని అనుమానించినట్టు గాదా? అందుకే పోలేదు. చూసినానని రాసేసినాను. అప్పుడది మర్యాద అనుకున్నాను.”

ఆ మాట ఆవిడ నోట విన్నానని నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది. అప్పటికి నోటికి వచ్చింది ఒక్కటే: “నా మూడో అధ్యాయం పోతుంది కదా మేడమ్?”

“పోతాది. ఇంకోటి రాద్దువులే. ముందు ఈ పాదసూచిక రాసుకో.”

నేను రాయలేనన్నాను. ఆవిడే చెప్పారు, నేను రాసుకున్నాను. తన పేరు, వ్యాసం పేరు, పుట. ఆపైన: ‘ఈ శాసనం లేదు. రచయిత్రి ఆ స్థలానికి వెళ్ళలేదు.’ కాగితం అందుకుని, తడి చేతిని పైటకు తుడుచుకుని చదివారు.

“నా పేరు తర్వాత కామా ఏదప్పా?”

ఆ అధ్యాయం పోయింది. పట్టా ఆలస్యమైంది. పాదసూచిక మాత్రం సిద్ధాంత గ్రంథంలో నిలిచింది. ఇప్పుడు సంచికలోంచి తీసేసింది అదే.

సంపాదకుడు నాగరాజు ఆవిడ దగ్గర నాతోపాటు చదివినవాడే. ఫోను చేశాను.

“నేనే తీసేసినాను గురూ. పోయినోళ్ళ మీద ఆ మాట ఎందుకులే? ఫ్యామిలీ వాళ్ళు చదువుతారు. రెస్పెక్ట్ కోసమే. నా ముందుమాటలో కూడా ఆ శాసనం గురించి బాగా రాసినా, చూడు.”

చూశాను. ‘స్వయంగా చూసి లోకానికి తెలియజేశారు’ అని ఉంది. తెలిసీ రాశాడు.

“ఆ శాసనం నువ్వు చూసినావా నాగరాజూ?”

“నేనెందుకు చూసేది గురూ? మేడమ్ రాసినారు కదా!”

“ఆ పాదసూచిక లేకపోతే నా వ్యాసం వద్దు,” అని పెట్టేశాను. అతను ఏం చేస్తాడో తెలియదు.

ఎర్ర పెన్సిలు తీసుకుని ఆ పుట అడుగు అంచున ఆవిడ రాయించినదంతా మళ్ళీ రాశాను. వెనక్కి చదువుకుంటే ఆవిడ పేరు తర్వాత కామా లేదు. పెట్టి, ఊపిరి తీసుకున్నాను.