ఎర్హులో లేని నాలుగు స్వరాలు

గురువారం ఉదయం ఏడింటికి షినాస్ రౌండెబౌట్ దగ్గర మస్కట్ బస్సు ఎక్కాం, నేనూ మా అల్లుడు జయరాజూ. టికెట్టు మనిషికి నాలుగు రియాళ్ళు. ముందుగా ఫోన్లో కొనుక్కుంటేనే సీటు ఖాయం. నా సంచిలో రెండు చీరలు, స్వెట్టరు, పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు ఆరు. బయట ఎండ చూసి స్వెట్టరు మానేయకండి. ఇక్కడి బస్సుల్లో ఏసీ ఎముకల్లోకి దిగుతుంది, తగ్గించమంటే డ్రైవరు తల ఊపుతాడు గాని తగ్గించడు.

జయరాజు నా అన్న కొడుకే. మా కరుణనిచ్చాక అల్లుడయ్యాడు గాని నేను వాణ్ణి ఒరే అనడం మానలేదు, వాడు నన్ను అత్తా అనడం మానలేదు. కరుణ షినాస్‌లో నర్సు. వాడు ఒక క్లినిక్కులో ఎక్స్‌రేలు తీస్తాడు, శుక్రవారం ఆరాధనలో కీబోర్డు వాయిస్తాడు. నేను విజిట్ వీసా మీద వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, డ్యూటీ నుంచి రాగానే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాడు. పిలిస్తే పలకడు. ఏదో సంగీతం కడుతున్నాడని కరుణ చెప్పింది.

మస్కట్‌లో ఒక సాంస్కృతిక కేంద్రం వాళ్ళు పోటీ పెట్టారు. చైనా వాద్యాలూ పాశ్చాత్య వాద్యాలూ కలిపి వాయించేలా కొత్త సంగీతం రాసి పంపాలి. మాటలు ఉండవు, ఒట్టి వాయిద్యమే. వచ్చినవాటిలో ఏడు ఎంచారు, అందులో మా వాడిది ఒకటి. గెలిచినదాన్ని చైనాలో ఒక పెద్ద బృందం వాయిస్తుందట. పోటీకి వయసు నలభై ఐదు దాటకూడదు. వాడికి వచ్చే నెలలో దాటుతుంది. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు. కరుణకి సెలవు దొరకలేదు. వీడు కంగారులో తిండి మానేస్తాడని నన్ను తోడు పంపింది. మస్కట్ చూసినట్టూ ఉంటుందని నేను ఒప్పుకున్నాను.

సొహార్ దాటాక పక్క వరసలో కూర్చున్న తాపీ మేస్త్రీ పలకరించాడు. జగిత్యాల దగ్గర పల్లె అట.

"ఏడికి వోతున్నరమ్మా?"

"మస్కట్. వీడి సంగీతం పోటీకి. చైనా వాద్యాలట."

"చైనోళ్ళయా? మా సైట్ల ఉన్నరు గద చైనోళ్ళు. వాళ్ళ సంగీతం ఎన్నడు ఇనలే. పన్నెండయిందంటే గిన్నెలు మాత్రం మస్తు మోగుతయి." తర్వాత జయరాజు వైపు తిరిగాడు. "దేని మీద కట్టిన్రు సారూ?"

"షినాస్ ఒడ్డున తెల్లారి పడవలు లాగుతారు కదండీ, దాని మీద."

"మరి ఆ లాగేటోళ్ళు ఇంటరా దాన్ని?"

"వాళ్ళకి పనుంటుంది కదా."

"గంతే గద. మేం కట్టిన బిల్డింగుల మేం పంటమా?" అని నవ్వి, నేనిచ్చిన గుడ్డు రెండు ముక్కల్లో తినేసి పడుకున్నాడు.

పదకొండుంపావుకి రూవీలో దిగాం. అక్కణ్ణుంచి వాదీ కబీర్ అనే పేటకి టాక్సీవాడు రెండు రియాళ్ళు అడిగాడు, ఒకటికి ఒప్పించాను. కరుణతో నర్సింగ్ చదివిన అమ్మాయి ఫ్లాటు ఇండియన్ స్కూలు పక్క సందులో ఉంది. మెట్ల నిండా స్కూలు బస్సు దిగిన పిల్లలు విప్పేసిన బూట్లు. ఊరికే ఒకరింట్లో తిని పడుకోవడం నాకు నచ్చదు, అందుకని చీరాల నుంచి తెచ్చిన ఎండురొయ్యలు ఒక కిలో ఇచ్చాను. ఆ పిల్ల లాడ్జీ ఖర్చు తప్పించింది, నేను దాని కూర ఖర్చు తప్పించాను.

నాలుగింటికి ఖురుమ్ వైపు ఉన్న ఆ కేంద్రానికి రిహార్సల్‌కి వెళ్ళాం. అక్కడి పనులన్నీ చూసేది షీబా అనే మలయాళీ మేడం. జయరాజు రాసినదానికి నలుగురు వాయించేవాళ్ళు. వెదురు పిల్లనగ్రోవికి ఒకాయన, వయొలిన్‌కి ఒకాయన. చెల్లో అనే పెద్ద వయొలిన్‌కి సుమయ్య అనే ఒమానీ అమ్మాయి. ఎర్హు వాయించేది లిన్ అనే చైనా ఆవిడ, ఒక కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగమట. ఎర్హు అంటే రెండే తీగల వాద్యం. కింద చిన్న డబ్బా, దానికి పాము చర్మం బిగించి ఉంటుంది. కమాను పైనుంచి కాదు, ఆ రెండు తీగల మధ్యలోంచి పోతుంది. గొంతు పట్టేసిన ఆడమనిషి ఏడ్చినట్టు ఉంటుంది దాని నాదం.

లిన్ కాగితాలు చూసి పక్కన పెట్టేసింది. ఆవిడకి గీతల మీద చుక్కలు పెట్టే పాశ్చాత్య పద్ధతి చదవడం రాదట. వాళ్ళ పద్ధతిలో స్వరాలకి అంకెలు రాస్తారు. స ఒకటి, రి రెండు, అలా ఏడు దాకా. పై స్థాయికి అంకె నెత్తిన చుక్క, కింది స్థాయికి అంకె కింద చుక్క, సాగదీయాలంటే పక్కన గీత. అంకెల ప్రతి కూడా తేవాలని ఫారంలో ఉందట, వీడు చదవలేదు.

"అంత సంగీతం రాసినవాడివి, ఒక కాగితం చదవలేకపోయావురా?" అన్నాను.

"తర్వాత తిట్టు అత్తా. ఇప్పుడు రాయాలి."

నేను మూడో తరగతి దాకానే చదివాను గాని అంకెలు కుదురుగా రాస్తాను. వాడు చదివితే నేను రాశాను. "ఐదు, ఆరు, పైన చుక్క పెట్టి ఒకటి, గీత, గీత." గంటన్నర పట్టింది. పేజీలు మూడయ్యాయి. షీబా మేడం టీ పంపింది.

లిన్ ఈసారి తల ఊపుతూ చదివింది. రెండో పేజీలో ఆగింది. పెన్సిలుతో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టింది. మూడో పేజీలో ఇంకో మూడు చుట్టింది. తర్వాత లోపలి తీగ మీద వేలు పెట్టకుండా కమాను లాగి, చెయ్యి అడ్డంగా ఊపింది. నాక్కూడా అర్థమైంది. తీగని వదిలేస్తే వచ్చేదే ఆ వాద్యానికి అట్టడుగు స్వరం. మా వాడు దానికంటే కింద రాశాడు. ఆ స్వరాలు ఎర్హులో లేవు.

ఎలా జరిగిందంటే, చర్చి కీబోర్డులో ఎర్హు అని ఒక బటన్ ఉంది. అది నొక్కి ఏ మెట్టు మీద వేలు పెట్టినా మోగుతుంది. వీడు అసలు వాద్యాన్ని ఎప్పుడూ చూడలేదు, కీబోర్డు పలికిందల్లా రాసేశాడు. మరి పెద్దవాళ్ళు ఎలా ఎంచారని అడిగాను. మొదటి వడపోతకి కంప్యూటరు మోగించిన రికార్డింగే విన్నారట. రేపు మాత్రం ఎదురుగా వాయించాలి.

ఆ నాలుగూ పడవ అడుగు ఇసకని ఒరుసుకునే చోట్లు, తీసేస్తే పడవ ఒడ్డుకి రాదు అన్నాడు జయరాజు. లిన్ ఒక స్థాయి పైకి ఎత్తి వాయించి చూపించింది. వాడి మొహం చూసి తనే ఆపేసింది. అప్పుడు సుమయ్య, ఆ నాలుగూ నాకివ్వండి అని చెల్లో మీద లాగింది. సరిగ్గా కూర్చున్నాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, జయరాజు తప్ప. ఎంపికయ్యాక ఒక్క స్వరం కూడా మార్చకూడదని నియమం ఉందట.

సుమయ్యకి హిందీ వచ్చు. "కిసీకో పతా నహీ చలేగా, ఖాలా" అంది నాతో. ఎవరికీ తెలియదు పిన్నీ అని. తెలియకపోవచ్చు కూడా. ఆరున్నరకి తిరిగి వచ్చేశాం.

శుక్రవారం ఉదయం ఇడ్లీ పెట్టుకుని కూర్చున్నాం. వాడు ఒక ఇడ్లీని పదహారు ముక్కలు చేసి కూర్చున్నాడు.

"అత్తా, వాళ్ళకి చెప్పాలంటావా?"

"చెప్తే ఏమవుతుంది?"

"పోటీలోంచి తీసేస్తారు."

"చెప్పకపోతే?"

"ఏమీ కాదు. గెలిస్తే గెలవొచ్చు."

"గెలిచావే అనుకో. చైనాకి ఏ కాగితం పంపుతావు? లేని స్వరాలున్నదా, చెల్లోకి మార్చిందా?"

"మార్చిందే."

"అయితే ఇవాళ వాయించేది వాళ్ళ చేతిలో ఉన్న కాగితంలోది కాదన్నమాట. వెళ్ళి ఆ మాటే చెప్పు. ముందు ఆ ఇడ్లీ తిను, పారేస్తే ఊరుకోను."

తొమ్మిదిన్నరకి వాడు షీబా మేడంకి చెప్పాడు. ఆవిడ, "మీరు ఎందుకు చెప్పారు?" అని ఇంగ్లీషులో అడిగింది. వాడు నా వైపు చూశాడు, నేను గోడ మీది పటం చూశాను. ఆవిడ లోపలికి వెళ్ళి న్యాయనిర్ణేతలతో ఫోన్లో మాట్లాడి ఇరవై నిమిషాలకి వచ్చింది. పోటీలో లెక్కించరు. కావాలంటే మొదట్లో, పోటీకి బయట, వాయించనిస్తారు. వద్దనుకుంటే మానుకోవచ్చు.

"వాయించనివ్వండి" అన్నాడు వాడు.

మధ్యాహ్నం, జరిగిందంతా వాడు పెట్టిన మెసేజ్‌లో చదివి కరుణ ఫోన్ చేసింది. డ్యూటీ మధ్యలో ఉంది, గొంతు తగ్గించి మాట్లాడింది, అయినా కోపం తెలుస్తూనే ఉంది. "అమ్మా, నిన్ను పంపింది అన్నం పెట్టడానికి. తీర్పు చెప్పడానికి కాదు."

"అన్నం కూడా పెట్టాను" అన్నాను. ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం ఆరింటికి కార్యక్రమం. ప్రవేశం ఉచితం. గుమ్మం దగ్గర ఖర్జూరాలు, యాలకుల వాసన వేసే కాఫీ ఇస్తారు. కాఫీ చాలనుకున్నప్పుడు చిన్న కప్పుని చేత్తో అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. నేను మూడో కప్పుకి తెలుసుకున్నాను.

మావాడిది మొదట పెట్టారు. జనం ఇంకా వస్తున్నారు, కుర్చీలు లాగుతున్నారు, ఒకాయన ఫోన్లో ఎవరికో దారి చెప్తున్నాడు. తొమ్మిది నిమిషాలు వాయించారు. బాగుందో లేదో చెప్పేంత సంగీతం నాకు రాదు. వెదురు గొట్టం గాలిలా మొదలైంది. ఎర్హు ఒక మనిషి కేకలా వచ్చింది, వయొలిన్ ఇంకో మనిషిలా అందుకుంది. ఆ నాలుగు చోట్లూ నేను రాసిన అంకెలు కాబట్టి నాకు తెలిశాయి. లిన్ కమాను ఆపి కళ్ళు మూసుకునేది, సుమయ్య కింద నుంచి ఒక్కసారి లాగేది. మూడోసారికి ఫోన్ మనిషి మాట్లాడటం మానేశాడు. అయ్యాక చప్పట్లు పడ్డాయి, మరీ ఎక్కువ కాదు. జయరాజు లేచి నలుగురికీ దణ్ణం పెట్టి కూర్చున్నాడు. తర్వాతి ఆరూ కదలకుండా విన్నాడు. బడిలో సంగీతం చెప్పే ఒక ఒమానీ ఆయన గెలిచాడు. ఆయనది బాగానే ఉంది, తాళాల మోత కాస్త ఎక్కువ. మావాడు వెళ్ళి ఆయనతో చెయ్యి కలిపి వచ్చాడు.

శనివారం ఎనిమిదిన్నర బస్సుకి బయల్దేరాం. పగటి బస్సు ఎక్కితే కుడి వైపు కూర్చోండి, తిరుగు దారిలో సముద్రం అటు ఉంటుంది, అక్కడక్కడా కనిపిస్తుంది. ఈ ప్రయాణం ఎలా ఉందని అడిగితే, మస్కట్ శుభ్రమైన ఊరు, కొండలు ఉట్టి రాళ్ళు, జనం నెమ్మది అని చెప్తాను. రానూ పోనూ ఖర్చు ఇంటి దగ్గర అనుకున్నంతే అయింది. ఇల్లు దాటని నాలాంటివాళ్ళు ఒకసారి వెళ్ళి రావచ్చు. అయితే పిల్లల పనుల్లో తలదూర్చే అలవాటుంటే ఆ బరువు కూడా సంచిలో వేసుకుని రావాలి. బస్సు కదిలిన దగ్గర్నుంచీ వాడు మూడు గంటల పాటు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. కరుణ మాట నాకు గుచ్చుకుంటూనే ఉంది. ముప్పావు గంటలో ఇల్లు వస్తుంది, కరుణ ముందు ఇద్దరం నిలబడాలి.

సొహార్‌లో పావుగంట ఆపారు. వాడు దిగి రెండు టీలు తెచ్చాడు. నాది నా చేతికిచ్చి అన్నాడు, "నువ్వు వద్దంటే నేను చెప్పేవాణ్ణి కాదు అత్తా."

"నేనెందుకు వద్దంటానురా?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"అందుకేగా" అన్నాడు, "కరుణకి ఫోన్ చెయ్యకుండా నిన్నడిగింది."