పాటల యాపులతో మా బాబాయి పోట్లాట

మా బాబాయి ఏ పాటల యాపునీ నెల దాటి భరించలేడు. పెట్టుకున్న రోజు ఆకాశానికెత్తేస్తాడు. మర్నాటికి అనుమానం మొదలవుతుంది. వారం తిరక్కుండా ఆ కంపెనీకి ఫోన్ చేసి, "మీకు మనస్సాక్షి ఉందా?" అని అడుగుతాడు.

ఆయనకి కళ్లజోళ్ల షాపుంది. వెనక గదిలో కూర్చుని ఫ్రేములకి అద్దాలు అరగదీసి బిగించేది నేను. మధ్యన చెక్కగోడే కాబట్టి ఆ యుద్ధాలన్నీ నా చెవిన పడ్డాయి.

యాపుల అసలు పేర్లు ఆయన నోటికి తిరగవు. తెరమీది బొమ్మను బట్టి గొడుగు, గవ్వ, పిచ్చుక అని తనే నామకరణం చేశాడు. "గొడుగు పచ్చి మోసం. పిచ్చుక కొంచెం నయం, కానీ దానికీ పొగరే" అనేవాడు, వరసపెట్టి అల్లుళ్ల గురించి చెబుతున్నట్టు.

గొడుగు మీద కోపం ఎందుకంటే, చరణం మధ్యలో బాత్రూం టైల్స్ ప్రకటన వచ్చింది. "ప్రాణం పెట్టి పాడుతోందమ్మా ఆవిడ! గుక్క తిప్పుకునే లోపల టైల్స్ పరిచేశారు!" అని ఆ పూటంతా అన్నం ముట్టలేదు.

గవ్వ చేసిన నేరం ఇంకోటి. పొరపాటున ఓ జోలపాట విన్నాడు, అంతే. ఆ రోజు నుంచీ అన్నీ జోలపాటలే వినిపించింది. "ఈ వయసులో నాకు పిల్లాడు పుట్టాడని వీళ్లకెవడు చెప్పాడు? మీ పిన్నికి తెలిస్తే ఏమనుకుంటుంది?" అని నామీద ఎగిరాడు, ఆ గవ్వని నేనే పెంచి పెద్దచేసినట్టు.

ఈ గొడవ చివరికి కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్ల మీద పడింది. ఒకరోజు ఓ పెద్దమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ల ముందు అద్దాలు మారుస్తూ అడిగాడు.

"ఒకటో నంబరు బాగుందా, రెండోదా?"

"రెండోది కాస్త స్పష్టంగా ఉందండీ."

"నేనూ అదే అంటున్నా! గవ్వలో వయొలిన్లు స్పష్టంగానే ఉన్నాయి. మరి మగాయన ఏడీ?"

ఆ పెద్దమనిషి గాభరాగా బోర్డు వంక చూశాడు. "ఏ మగాయనండీ? నాకు అక్షరాలే కనిపిస్తున్నాయి."

ఈ మగాయన గోల ఏమిటో మాకెవరికీ అంతుపట్టేది కాదు. ఓ పాత యుగళగీతం ఉంది. ఏ యాపు పెట్టినా ముందు ఆ పాటే వినేవాడు. వినగానే ముఖం జేవురించేది. "వీడూ మింగేశాడు మగాయన్ని!" అని ఆ యాపుని తీసిపారేసేవాడు.

పైగా వినే పద్ధతి మరీ విడ్డూరం. కుడి చెవిలో దూది కుక్కుకుని, ఎడమ చెవిలో ఒక్క ఇయర్‌ఫోనే పెట్టుకునేవాడు.

"రెండూ పెట్టుకో బాబాయ్, ఇద్దరూ వినిపిస్తారు" అన్నాను.

"ఏం, ఒక చెవితో వినేవాళ్లు మనుషులు కారా? వాళ్లకి సగం పాటేనా? ఇదెక్కడి న్యాయం!"

మా నాన్న ఆయనకి సొంత అన్న. "వాడికి దూది చెవిలో కాదే, బుర్రలో ఉంది" అనేవాడు. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవాళ్లం. పిన్ని మాత్రం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేది. మొగుణ్ణి చూసి సిగ్గుపడుతోందనుకున్నాం.

ఓ మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. బాబాయి పిచ్చుక కంపెనీకి ఫోన్ కలిపాడు. తన పోరాటం లోకమంతా వినాలని ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు.

"చెప్పండి సార్, మీ సమస్య ఏమిటి?" అందో అమ్మాయి.

"పాటలో మగాయన లేడు!"

"మీ ఇయర్‌ఫోన్ ఒక పక్క పాడైందేమో సార్."

"ఇయర్‌ఫోన్ బంగారంలా ఉంది! ఆవిణ్ణి ఒక చెవిలో, ఆయన్ని ఇంకో చెవిలో పెట్టి విడదీయమని మీకెవరు చెప్పారు? కలిసి పాడినవాళ్లని కలిసి వినిపించలేరా?"

మామూలుగా ఇక్కడికి అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తారు. ఆ అమ్మాయి పెట్టెయ్యలేదు. "సార్, వినేది మీరేనా?" అని అడిగింది.

మా బాబాయి తగువు మధ్యలో ఆగిపోవడం అదే మొదటిసారి.

"కాదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "మా ఆవిడ. కిందటేడు జ్వరమొచ్చి కుడి చెవి పోయింది. లైబ్రరీలో పని. అక్కడ అందరూ గుసగుసలే కదా. తెలిస్తే కౌంటర్ మీంచి తీసేసి పాత పుస్తకాల గదిలో పడేస్తారని ఎవరికీ చెప్పనివ్వదు. ఇంట్లో స్పీకరులో బాగానే వింటుంది. బస్సులో వెళ్లేటప్పుడే... ఆయన పాడటం మానేశాడా ఏమిటండీ అని అడిగిందమ్మా ఓ రోజు."

అద్దం నా చేతిలోనే ఉండిపోయింది, అరగదీసే రాయి ఊరికే తిరుగుతోంది.

"ఒక్క నిమిషం సార్. మీ ఫోను సెట్టింగుల్లోకి వెళ్లండి" అని ఆ అమ్మాయి ఒక్కో మెట్టూ చెప్పింది. రెండు పక్కల శబ్దాన్నీ కలిపి ఒకే చెవిలోకి పంపే మీట అక్కడుందట. ఏ యాపుకైనా పనిచేస్తుందట.

"ఫోన్లోనే ఉందా?" బాబాయి గొంతు మళ్లీ లేచింది. "మరి ఇంతకాలం చెప్పలేదేం? ఎంతమందితో తిట్లు తిన్నాను!"

"మీరు తిట్టారు సార్. వాళ్లు తిన్నారు" అందా అమ్మాయి.

ఫోన్ పెట్టేశాక వెనక గదిలోకి తొంగి చూశాడు. "నీకేమైనా వినపడిందా?"

"మిషను చప్పుడులో ఏం వినపడుతుంది బాబాయ్?" అన్నాను. నమ్మినట్టే తలూపాడు.

సాయంత్రం పిన్ని లైబ్రరీ నుంచి తిన్నగా షాపుకొచ్చింది. బాబాయి ఆవిణ్ణి కళ్ల పరీక్ష కుర్చీలోనే కూర్చోబెట్టి, ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి పాట నొక్కాడు. నేను ఫ్రేములు తుడిచే నెపంతో తలుపు దగ్గర చేరాను.

పిన్ని కళ్లు మూసుకుంది. కాసేపటికి ముఖం విప్పారింది. "వచ్చాడండీ!" అంది బాబాయి చెయ్యి పట్టుకుని. "ఆయన వచ్చేశాడు!"

బాబాయి యుద్ధం గెలిచినవాడిలా ఛాతీ విరిచాడు. పాట సాగుతోంది. పిన్ని ముఖంలో మెల్లిగా ఏదో ఇబ్బంది కనిపించింది.

"ఏమండీ, ఈయన గొంతు ఇంత ముక్కుతో ఉండేదా?"

"ఏమిటీ?"

"ఏం లేదు. ఇంతకాలం ఆవిడ ఒక్కతే హాయిగా పాడుకుంటోంది. అలా అలవాటైపోయినట్టుంది."

"నీకోసం ఇన్ని కంపెనీలతో తగువు పడ్డానే!"

"పడొద్దంటే విన్నారా?" అంటూ పిన్ని నవ్వు ఆపుకోలేకపోయింది.

బాబాయి ఆవిడ వంక గుర్రుగా చూశాడు. కానీ ఆ నవ్వు చూసి ఎంతసేపని గుర్రుగా చూడగలడు? ఫోన్ లాక్కుని నంబరు నొక్కాడు. స్పీకరులో అదే అమ్మాయి గొంతు వినిపించింది.

"అమ్మా, నేనే. మగాయన దొరికాడు. ఆయన్ని కాస్త తగ్గించే వీలుందేమో చూడు తల్లీ."