స్టేషన్ రోడ్డులో బొడ్రాయి చోటు

వరంగల్ స్టేషన్ రోడ్డును వెడల్పు చేసేందుకు సర్వే పని మా కంపెనీకి వచ్చినప్పుడు, నేను మొదట చేసింది వీధిలోని గుర్తులు రాసుకోవడం. స్టేషన్ గోడ, మసీదు మెట్టు, బ్యాంకు మూల, దవాఖాన గేటు. గుర్తన్నది కదలకూడదు. కానీ ఆ వీధిలో ఎవరిని దారి అడిగినా లేనివే చెబుతారు: కూల్చేసిన టాకీసు, ఎత్తేసిన ఇరానీ హోటలు, ఎప్పుడో ఎండిన చేతిపంపు. అన్నిటికన్నా ఎక్కువగా చెప్పేది బొడ్రాయి. ఊరు కట్టిన నాడు ఊరి నడుమ పాతే రాయి అది. ఇక్కడిది తారు కింద పడిపోయిందంటారు. చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆ రోడ్డు మీదే మా పెదనాయన జంపఖానాల దుకాణం ఉంది. ముందు గదిలో అమ్మకం, వెనక చిన్న గదిలో సరుకు. కొత్త రోడ్డు తిన్నగా పోతే ముందు గది మొత్తం పోతుంది. బొడ్రాయి నిజంగా దొరికితే, దాన్ని తప్పించి రోడ్డును అవతలి ఖాళీ జాగా వైపు వంచవచ్చని మా ఇంజనీరు అన్నాడు. పెదనాయన ఆ మాట పట్టుకున్నాడు.

దుకాణం ఎదుట టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రాన్ని నిలిపి చూస్తున్నప్పుడు ఒకటి గమనించాను. రోడ్డు మీద ఒక చోటును ఎవరూ తొక్కడం లేదు. అక్కడ గుంత లేదు, వాలు లేదు, తారు అతుకు లేదు. అన్నీ సరిచూశాను. అయినా ఆటోలు, సైకిళ్లు, కేసముద్రం నుంచి వచ్చే పత్తి ట్రాలీలు, అన్నీ అక్కడికి రాగానే కొంచెం వంగి పోతున్నాయి. ఇక్కడి సంగతులేవీ తెలియని మహారాష్ట్ర లారీ కూడా వంగింది. ఒక కుక్క కూడా.

నా తోటి సర్వేయర్ కొలత కర్ర పట్టుకుని అక్కడ నిలబడగానే గాజుల దుకాణం ఆమె అరిచింది.

"ఏందయ్యా, బొడ్రాయి మీదెక్కి నిలవడ్డవ్! మీ ఇంట్ల చెప్పెటోళ్లు లేరా?"

"ఈడ రాయే లేదు కదక్కా!"

"నీ కండ్లకు లేదు. దిగు ముందుగాల."

అతడు దిగాడు. చదునైన తారు మీద, మెట్టు దిగినట్టు కాలు కిందికి వేసి దిగాడు.

మరునాడు పొద్దున వీధివాళ్లు పసుపునీళ్లు చల్లి, కొబ్బరికాయ కొట్టాక తవ్వించాం. తారు, దాని కింద మరో తారు, కంకర, మొరం. మొరంలో ఒక ఖాళీ బొంద బయటపడింది. నిలువుగా, నున్నగా, సరిగ్గా ఒక రాయి పట్టేంత. పైన అన్ని పొరలు పోసి రోలర్లు తిప్పినా అందులోకి గులకరాయి కూడా జారలేదు. అది ఎలా సాధ్యమో నా చదువులో లేదు. చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

"బొంద ఎందుకు పనికొస్తదయ్యా? రాయి చూపియ్యిండ్రి," అన్నాడు ఇంజనీరు.

పెదనాయన గుంత అంచున కూర్చుని లోపలికి వంగి చూశాడు.

"ఈడ లేదంటే, అది ఏడికి పోయినట్టు బిడ్డా?"

గుంత పూడ్చేశారు. రోడ్డు తిన్నగానే ఖాయమైంది.

దుకాణం గోడ మీద ఎర్ర రంగు గీత నేనే గీయాల్సి వచ్చింది. టేపు రెండో కొస పెదనాయనే పట్టుకున్నాడు.

"జర సూసి గియ్యి. సొంతోళ్లకు తక్కువ గీసిండని రేపు నిన్నే అంటరు."

ముందు గది ఒక్క పొద్దులో నేలమట్టమైంది. మిగిలిన చిన్న గదిలో జంపఖానాలు పరిచి చూపే జాగా లేదు. పెదనాయన వాటిని చుట్టి, వరసగా గోడకు ఆనించి నిలబెట్టాడు. అన్నీ మనిషెత్తువి. గదికి కిటికీ లేదు.

దుకాణం తిరిగి తెరిచిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పరకాల నుంచి వచ్చిన ఒకామె గడప దాకా వచ్చి, లోపలికి చూసి ఆగిపోయింది.

"రా చెల్లె, ఏం గావాలె?" అన్నాడు పెదనాయన.

"గంతమంది నిలవడ్డరు కదన్నా లోపట," అన్నది ఆమె. "ఆళ్లు పోయినంక వస్త తియ్యి."