గోదాముకు పోయిన లగ్గం చీర

కొనేవాళ్ళ పేరు పక్కన ఇంటిపేరు ఉండటం మామూలే. ఇంటిపేరు తరువాత అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఒక తోక కూడా ఉంటే మాత్రం ఆ పార్సిల్ ఎవరింటికీ పోవటం లేదని అర్థం. అది గోదాముకు పోతోంది. అమెరికాలో అమ్మకం పన్ను లేని ఏదో ఒక రాష్ట్రంలో, హైవే పక్కన, కిటికీలు లేని పెద్ద రేకుల షెడ్డు. ప్రపంచంలోని ఆడవాళ్ళంతా ఆ ఒక్క చిరునామాలో ఉమ్మడి కాపురం చేస్తున్నట్టు ఆర్డర్లు వస్తుంటాయి. మన సరుకు అక్కడ దిగుతుంది. వాళ్ళు విప్పి చూస్తారు, ఫోటో తీస్తారు, బరువు తగ్గేలా మళ్ళీ కడతారు, కొన్న మనిషి నిజంగా ఉండే దేశానికి ఎక్కిస్తారు. ఫార్వర్డర్లంటారు వీళ్ళను. కొన్నదీ వీళ్ళు కాదు, అమ్మిందీ వీళ్ళు కాదు, మధ్యలో కత్తెర పట్టుకుని కూర్చుంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత వీళ్ళను చూశాకే పుట్టిందేమోనని నాకు అనుమానం.

మేముండేది సూరత్‌లో, గోడాదరాలో. మా ఆయన ఉధ్నాలో మగ్గాల మీద పనికి పోతాడు. మామయ్య కూడా అదే పని చేసి, చెవులు రెండూ మగ్గాలకే అప్పగించి ఇంటికొచ్చాడు. నేను పర్వత్ పాటియా వైపు మార్కెట్ల నుంచి చీరలు తెచ్చి, ముందు గదిలో గోడకు వేలాడదీసి ఫోటోలు తీసి, ఇంటర్నెట్ బజారులో పెట్టి అమ్ముతాను. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. పొద్దున కొరివి, సాయంత్రం అడవి, రెండింటి మధ్యా వంట.

ఆ బజారువాళ్ళకు ఒక పద్ధతుంది. కొన్నవాళ్ళు ఫిర్యాదు పెడితే కేసు తెరుస్తారు. వరుసగా మూడు కేసులు ఓడిపోతే దుకాణం మూసేస్తారు. అప్పటికి నేను రెండు ఓడిపోయి ఉన్నాను. మొదటిది, రంగు ఫోటోలో ఉన్నట్టు లేదని. ఆవిడ ఫోన్‌లో నీలం ఆకుపచ్చగా కనిపించడం నా తప్పయింది. రెండోది, చీర మరీ పొడుగ్గా ఉందని. పొడుగ్గా లేకపోతే దాన్ని చేతిరుమాలంటారని నేను రాసిన జవాబు బజారువాళ్ళకు నచ్చలేదు. మూడోది కూడా పోతే, నేను మళ్ళీ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అతికించే పనికి దిగాలి. ఆ పనితో మెడలు వంగిపోయిన ఆడవాళ్ళు మా గల్లీ నిండా ఉన్నారు. ఈ దుకాణం తెరవక ముందు నేనూ వాళ్ళలో ఒకదాన్నే. మళ్ళీ ఆ చాప మీదికి పోవాలంటే నాకు భయం.

మా దుకాణంలో మడత పెట్టి ప్యాక్ చేసేది మా అత్తమ్మ. ఆమె మడత పెట్టిన చీరను చూస్తే మిల్లు నుంచే అట్లా వచ్చిందనుకుంటారు. మడత పెట్టే ముందు ఆమె చేసే పని ఇంకొకటుంది. పక్కన చిన్న స్టీలు గిన్నెలో తడిపిన పసుపు ఉంటుంది. అందులో వేలు ముంచి, నడుము దగ్గర లోపలికి దోపుకునే చివరన, మూలకు ఒక బొట్టు పెడుతుంది. మా వాళ్ళలో కొత్త బట్టకు పసుపు పెట్టకుండా కట్టరు, పెట్టకుండా ఎవరికీ ఇవ్వరు. దుకాణం పెట్టిన కొత్తలో నేను అడ్డం చెప్పాను. ఇది మన చుట్టాలకు పెట్టే చీర కాదు, అమ్మే సరుకు అన్నాను. "పసుపు పెట్టని కొత్తబట్ట పీనుగ మీద కప్పేదే. నేను నా చేతులతోని గట్ల పంప" అంది. భివండీ, షోలాపూర్, కరీంనగర్ వాళ్ళు కొన్నన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళకు అది కనిపించి ఉండదు, కనిపించినా పసుపుగానే కనిపించి ఉంటుంది.

పేరుకు తోక ఉన్న ఒక పిల్ల, జరీ అంచు ఎర్ర చీర ఆర్డరు పెట్టింది. నా పెళ్ళికి, జాగ్రత్తగా ప్యాక్ చేయండి అని రాసింది. ఉండేది ఎక్కడో ఒక చిన్న దీవిలో. మా పార్సిళ్ళు నేరుగా అక్కడికి పోవు, అందుకే అమెరికా గోదాము. లగ్గం చీర అని చెప్పగానే అత్తమ్మ పసుపు మరి కాస్త గట్టిగానే అద్దింది.

చీర గోదాములో దిగిన వెంటనే కేసు వచ్చింది. 'వాడిన చీర పంపారు. మరక ఉంది. నా డబ్బు నాకివ్వండి.' ఆ పిల్ల చీరను చూడనే లేదు. గోదామువాళ్ళు విప్పి తీసిన ఫోటో చూసి పెట్టింది. ఫోటోలో చీర చివర, దాని మీద పసుపు బొట్టు, బొట్టు చుట్టూ ఎర్ర గీతతో సున్నా, పక్కన కొలిచే స్కేలు. కింద 'పసుపురంగు మరక, ఇంతకు ముందు వాడి ఉండవచ్చు' అని రాసి ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

ఫోన్ అత్తమ్మ ముందు పెట్టాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"మంచిగనే పడ్డది ఫోటోల. సుట్టూ సున్నా ఎందుకు పెట్టిండ్రు?"

"మరక అని చూపెడుతుండ్రు అత్తమ్మా."

"మరకేంది? గది పసుపు."

"మనకు పసుపు. వాళ్ళకు మరక."

"తెల్వక అన్నరు. నువ్వు చెప్పు మరి."

చెప్పడం అంత సులువైతే నాకు రెండు కేసులు పోయేవే కావు. ఆ బొట్టు పెట్టింది మేమే అని రాస్తే, ఎవరూ ముట్టని కొత్త చీర అని చెప్పి మేమే ముట్టి పంపామని ఒప్పుకున్నట్టే. ఇక వాళ్ళు ఆలోచించడానికి ఏమీ మిగలదు.

పై అంతస్తులో ఒక గుజరాతీ ఆమె ఉంటుంది. చాలా ఏళ్ళుగా కుర్తీలు అమ్ముతోంది, కేసుల విషయంలో మా బిల్డింగుకు ఆమే వకీలు. పైకి పోయి చూపించాను. ఆమె ముందు చూసింది మరకను కాదు, చిరునామాను. తోక కనిపించగానే నవ్వింది.

"కుఛ్ మత్ లిఖో, బెన్. మాల్ గోదామ్ సే నికల్నే దో."

ఏమీ రాయకు, సరుకు గోదాము దాటనీ అని. బజారువాళ్ళు కొన్నవాళ్ళకు ఇచ్చే హామీ, వాళ్ళు రాసిన చిరునామా వరకే. అక్కడి నుంచి సరుకును ఇంకో దేశానికి కదిలిస్తే హామీ ఉండదు, కేసు కొట్టేస్తారు. పెళ్ళి దగ్గర పడుతుంది కాబట్టి ఆ పిల్లే పంపమని గోదాముకు చెప్తుంది. జవాబివ్వడానికి నాకున్న గడువు అయ్యేదాకా నోరు మూసుకుని ఉంటే చాలు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా బజారులో మౌనం పూర్తి లాభం. నేను హాయిగా మెట్లు దిగి వచ్చాను.

అత్తమ్మ చీర మడత పెడుతూ, "రాసినవా?" అంది.

రాయనని చెప్పాను. ఎందుకో కూడా విడమరిచి చెప్పాను. ఆమె అంతా విని చేతిలో చీరను పక్కన పెట్టేసింది.

"అంటే గా పిల్ల లగ్గం దగ్గరికొచ్చి, దిక్కులేక తెప్పిచ్చుకుంటది. గంతేనా?"

"గంతే. మనం గెలుస్తం."

"మరి నా పసుపును ఏమనుకుంటది?"

నాకు ఒళ్ళు మండింది. "నీ పసుపు తోనే కద నా దుకాణం మునుగుతున్నది! ఆమె ఏమనుకుంటే మనకేంది?" అని అరిచాను. మామయ్య కూడా తలెత్తి చూశాడంటే ఎంత గట్టిగా అరిచానో తెలుసుకోవచ్చు.

అత్తమ్మ గొంతు పెంచలేదు. "నువ్వు గెలుస్తవ్ బిడ్డా, కాదంటలేను. గా పిల్ల పీటల మీద కూసొని, ఎవలో కట్టి ఇడిచిన చీర కట్టుకున్ననని అనుకుంటది. లగ్గం నాడు మనసుల గంత బాధ పెట్టుకొని కూసోవాల్నా?"

నా కోపం చల్లారలేదు. ఆ కోపంతోనే ఫోన్ తీసి రాశాను. అది మరక కాదు, పసుపు. పెట్టింది మా అత్తమ్మ. మా వాళ్ళు కొత్త బట్టకు అది పెట్టకుండా ఇవ్వరు. చీరను ఎవరూ కట్టలేదు. మీకు ఇష్టం లేకపోతే గోదాము నుంచే తిరిగి పంపండి, ఖర్చు మాది, డబ్బు మొత్తం ఇచ్చేస్తాను.

"పిల్లాపాపలతోని, పాడిపంటలతోని సల్లగుండమని కూడ రాయి" అంది అత్తమ్మ.

పెళ్ళి శుభాకాంక్షలు అని కుదించి చదివి వినిపించాను. గంత చిన్నగ ఏంది అని ఆమె ఒప్పుకోలేదు. చివరికి పిల్లాపాపలు, పాడిపంట అన్నీ రాయించింది. ఆ దీవిలో పాడి ఉందో లేదో మాకు తెలియదు. ఆ ఉత్తరం ఆ పిల్లకూ పోయింది, కేసు చూసే బజారువాళ్ళకూ పోయింది. పై అంతస్తు ఆమెకు చెప్తే నుదురు కొట్టుకుంది. నేను అటకమీద రాళ్ళు అతికించే జిగురు డబ్బాలు ఉన్నాయో పారేశామో అని ఒకసారి చూసుకున్నాను. ఉన్నాయి.

ఆ పిల్ల నుంచి జవాబు రాలేదు. బజారువాళ్ళ నుంచి తీర్పు వచ్చింది. మీ సమాధానాన్ని క్షుణ్ణంగా పరిశీలించామని మొదలుపెట్టి, కొన్నవారు వస్తువును ఫార్వర్డర్ ద్వారా వేరే దేశానికి తరలించారు గనుక హామీ వర్తించదు, కేసు మీకు అనుకూలంగా ముగిసింది అని రాశారు. పసుపు అన్న మాట అందులో ఎక్కడా లేదు. మా నేరం మేమే ఒప్పుకుని సంతకం పెట్టినంత పని చేస్తే, దాన్ని చదివినవాడు లేడు.

మా ఆయన ఆ సాయంత్రం వస్తూ అందరికీ ఇక్కడి శనగపిండి టిఫిన్ లోచో కట్టించుకొచ్చాడు. అత్తమ్మ ప్లేటు అందుకుంటూ అడిగింది.

"గెలిచినమా?"

"గెలిచినం."

"గా పిల్ల ఏమన్నది?"

"ఏమనలే."

"ఇంకేం గెలుసుడు" అంది. లోచో మాత్రం తిన్నది.

నాకు సంతోషం కలగలేదని అబద్ధం చెప్పను. దుకాణం మిగిలింది. జిగురు డబ్బాలు ఎవరికో ఇచ్చేశాను. కానీ ఆ పిల్ల మా మాట నమ్మి చీర తెప్పించుకోలేదు, వేరే చీరకు టైం లేక తెప్పించుకుంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు సిగ్గేసేది.

అయినా బుద్ధి తెచ్చుకుని ఒక నియమం పెట్టాను. తోక ఉన్న చిరునామాలకు పోయే చీరలకు పసుపు వద్దు. అత్తమ్మ గొడవ పెట్టుకోలేదు. "నీ దుకాణం, నీ ఇష్టం" అంది. అప్పటి నుంచి ఆ చీరలను ఆమె ముట్టలేదు. అవి నేనే మడత పెట్టేదాన్ని. నేను మడిస్తే ఒక అంచు తూర్పుకు, ఒక అంచు పడమరకు పోయేవి. ఆమె ఒకసారి అటు చూసి, మొహం గోడవైపు తిప్పుకునేది. రోజూ పొద్దున చాయ్ తాగుతూ మాత్రం "గా పిల్ల ఏమన్న రాసిందా?" అని అడిగేది. లేదనేదాన్ని. చాయ్ అయిపోయేది.

ఆ ప్రశ్నకు నేను అలవాటు పడిపోయాక ఒకరోజు ఫోన్ మోగింది. ఆ చీరకు రివ్యూ వచ్చింది. ఐదు స్టార్లకు రెండు స్టార్లు. అత్తమ్మ ఎదురుగా కూర్చుని మా ఊరివైపు పోయే చీర ఒకటి మడుస్తోంది. చదవక తప్పలేదు.

"చీర బాగుంది. రంగు ఫోటోలో కంటే ముదురు. చివరన ఉన్న పసుపు మరక అట్లాగే ఉంది. మా అమ్మమ్మ ఉతకనివ్వలేదు."

అత్తమ్మ చేతులు ఆగిపోయాయి.

"మల్ల సదువు."

చదివాను.

"ఆఖరుది ఒక్కటి సదువు."

"మా అమ్మమ్మ ఉతకనియ్యలేదు అని రాసింది అత్తమ్మా."

ఆమె కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. నేను తుడుచుకోవటానికి కళ్ళద్దాలు కూడా లేవు. ఆమె అద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఎన్ని స్టార్లు ఏసింది?" అని అడిగింది.

"అయిదిట్ల రెండు."

"చిన్నపిల్ల, గామెకేం తెలుసు. గా ముసలామెకు ఫోను ఇస్తే మొత్తం ఏస్తుండె."

అని, నేను మడిచి పక్కన పెట్టిన తోక చిరునామా చీరను తన ముందుకు లాక్కుని విప్పడం మొదలుపెట్టింది. ఆగు అత్తమ్మా అన్నాను. ఆమె ఆగింది. నేను ఫోన్ తీసి, దుకాణంలో ఉన్న ప్రతి చీర కిందా, రంగూ పొడవూ రాసిన చోట ఇంకో ముక్క చేర్చాను. 'లోపలి చివరన పసుపు బొట్టు ఉంటుంది. మా అత్తమ్మ పెడుతుంది.' అన్నిటికీ రాయడం అయ్యాక లేచి, పసుపు గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను.